కుడి ముంజేతి మీద పచ్చబొట్టు: అగ్నివీర్‌కి సరే, ఎస్ఎస్‌సీ జీడీకి కాదా?

విజయనగరం_అక్క
మా తమ్ముడికి పందొమ్మిదేళ్లు. ఆర్మీ అగ్నివీర్ ఆన్‌లైన్ రాత పరీక్ష పాసయ్యాడు, వైజాగ్ ఏఆర్ఓ (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు) ర్యాలీ పిలుపు కోసం చూస్తున్నాడు. ఎస్ఎస్‌సీ జీడీ, అంటే సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా రాశాడు. పోయినేడు పైడితల్లి అమ్మవారి పండక్కి తోటి కుర్రాళ్లతో వెళ్లి కుడి ముంజేతికి లోపలి వైపు "అమ్మ" అని పచ్చబొట్టు వేయించుకొచ్చాడు. అక్షరాలు మాత్రమే అయితే ఇంత బాధ లేదు. పక్కనే నెమలి ఈక ఒకటి వేశారు, దాని కొస మోచేతి మడత దాటి పైకి రెండు వేళ్ల మేర పాకింది.

అకాడమీ సారేమో "ఆర్మీలో ఏమీ అనరు పో" అంటున్నారు. అక్కడే ప్రాక్టీసు చేసే కుర్రాడొకడు "కుడి చెయ్యా? అయితే ఇంటికే" అని భయపెట్టాడు. అప్పట్నుంచి వీడికి అన్నం సయించట్లేదు. తన పేరు వల్లే కొడుకు ఉద్యోగం పోతుందేమోనని అమ్మ ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జీడీ_మనోజ్
కుడి చెయ్యి అంటే అన్‌ఫిట్టే అక్కా. సెల్యూట్ కొట్టే చెయ్యి అది. నా పక్కన లైన్లో నిలబడ్డవాడిని అందుకే పంపేశారు, నా కళ్లతో చూశాను.

పరుగు_ప్రసాద్
మనోజ్, నువ్వు చూసింది జీడీ మెడికల్. ఆర్మీకి కుడి, ఎడమ అన్న తేడా లేదు. నా కుడి ముంజేతి మీద ఆంజనేయస్వామి గద ఉంది, ర్యాలీలో పాసయ్యాను, ఇప్పుడు యూనిట్‌లో ఉన్నాను. అక్కని ఊరికే భయపెట్టకు.

జీడీ_మనోజ్
భయపెట్టడం కాదన్నా, జరిగింది చెప్పాను. ఆర్మీకీ జీడీకీ రూల్ వేరా? రెండూ సెంట్రల్ గవర్నమెంటే కదా.

మాజీ_హవల్దార్
వేరే. ఎక్కువమంది పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రక్షణ శాఖ కింద ఉంటాయి. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ హోం శాఖ కింద ఉంటాయి. ఎవరి మెడికల్ నిబంధనలు వాళ్లవి.

ముందు ఆర్మీ సంగతి. శాశ్వతమైన పచ్చబొట్టు ఒంటి మీద ఉండదగ్గ చోట్లు రెండే. ఒకటి ముంజేతి లోపలి ముఖం, అంటే మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు దాకా. రెండోది అరచేతికి వెనక వైపు. ఏ చెయ్యైనా పర్లేదు. ఈ రెండు చోట్లా తప్ప ఇంకెక్కడున్నా ఒప్పుకోరు. భుజం, ఛాతీ, వీపు, మెడ, కాలి పిక్క, చెవి వెనక, ఎక్కడున్నా అంతే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ కూడా ఇవే చోట్లు చెబుతాయి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బాబుని చేతులు కిందికి వదిలి, అరచేతులు ముందుకు తిప్పి నిలబడమనండి. అలా నిలబడ్డప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకి ముంజేతిలో కనబడే భాగం లోపలి ముఖం. బొమ్మ అందులో ఇమిడితే సరి. పక్కకి తిరిగి వెనక్కి చుట్టుకున్నా, మోచేతి మడత దాటి పైకెక్కినా ఇబ్బందే.

కాబట్టి అమ్మా, మీవాడికి "అమ్మ" అన్న అక్షరాలతో పేచీ లేదు. మడత దాటిన ఆ ఈక కొసతోనే పేచీ. అకాడమీ సారు అక్షరాలు చూసి చెప్పి ఉంటారు.

జీడీ_మనోజ్
ఇప్పుడు అర్థమైంది హవల్దార్ గారూ. జీడీ రూల్ కూడా చెప్పండి, నా తోటివాళ్లకి పంపిస్తాను.

మాజీ_హవల్దార్
దాని కాగితం 2015 మే నెలలో హోం శాఖ ఇచ్చిన మెడికల్ మార్గదర్శకాలు. అందులో టాటూకి మూడు కొలతలు పెట్టారు. ఏముంది, ఎక్కడుంది, ఎంతుంది. దేవుడి గుర్తులు, బొమ్మలు, పేర్లు పర్లేదు. చోటు మాత్రం ఎడమ ముంజేతి లోపలి భాగం, లేదా చేతి వెనక వైపు. ముంజేతిలో ఎడమదే ఎందుకంటే అది సెల్యూట్ కొట్టని చెయ్యి. పరిమాణం ఆ భాగంలో పావు వంతుకి లోపే ఉండాలి. ఎడమ చేతికే వేయించుకున్నా మోచేయి నుంచి మణికట్టు దాకా నింపేస్తే పనికిరాదు.

శ్రీకాకుళం_చిన్నోడు
అంటే ఒకే పచ్చబొట్టు పొద్దున్న ఆర్మీలో ఫిట్, సాయంత్రం సీఆర్‌పీఎఫ్‌లో అన్‌ఫిట్. మా ఊళ్లో ప్రతి కుర్రాడూ రెండిటికీ పెడతాడు. ఇది ఎవరూ చెప్పరేం?

పరుగు_ప్రసాద్
అకాడమీలు పరుగు, బీమ్, గొయ్యి దూకడం మీదే పెడతాయి ధ్యాసంతా. 1600 మీటర్లు టైములో కొట్టించడమే వాళ్ల పేరు. మెడికల్ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

గోదారి_గణేశ్
రెండు వేళ్ల మేరకి ఎవరు పట్టించుకుంటారండీ. ఫుల్ హ్యాండ్స్ బనీన్ వేసుకుని వెళ్తే సరిపోతుంది.

మాజీ_హవల్దార్
గణేశ్ గారూ, ఇలాంటి సలహా వద్దు. మెడికల్‌లో ఒంటి మీద లోదుస్తులు తప్ప ఏమీ ఉండవు. చేతులు పైకెత్తమంటారు, వెనక్కి తిరగమంటారు, మోచేతులు చాచి అరచేతులు చూపమంటారు. మోచేతి దగ్గర చెయ్యి ఎంత వంకర ఉందో చూసేటప్పుడు డాక్టరు కళ్లు సరిగ్గా ఆ మడత మీదే ఉంటాయి. ఈక కొస కనబడకుండా పోదు.

గోదారి_గణేశ్
సరే, ఒప్పుకున్నాను. కానీ డాక్టరు మంచి మనిషైతే వదిలేస్తాడు కూడా.

శ్రీకాకుళం_చిన్నోడు
డాక్టరు మంచితనం మీద ఆశ పెట్టుకుని నాలుగేళ్ల కష్టం పణంగా పెట్టాలా అన్నా? పోటీ ఎంతుందో చూశావుగా. వంక దొరికితే చాలు.

డెర్మా_సుజాత
నేను చర్మ వైద్యురాలిని. ఆర్మీ, పోలీసు ఉద్యోగాల కోసం టాటూ తీయించుకునే అబ్బాయిలు నోటిఫికేషన్ పడగానే వరసగా వస్తారు. విజయనగరం అక్కగారూ, మూడు విషయాలు చెప్పండి. ఈక కొస ఏ రంగు? వేయించుకుని ఏడాది నిండిందా? గీత మీద చెయ్యి వేసి తడిమితే చర్మం ఉబ్బెత్తుగా తగులుతుందా?

విజయనగరం_అక్క
ఏడాది కావస్తోంది మేడమ్. అక్షరాలు నలుపు. ఈక మధ్య కాడ నలుపే గానీ కొసంతా పచ్చ, నీలం. తడిమితే నున్నగానే ఉంది.

డెర్మా_సుజాత
నున్నగా ఉండటం మంచిది. ఉబ్బెత్తుగా ఉండి ఉంటే కీలాయిడ్ స్వభావం, అంటే గాయం మానాక మచ్చ ఉబ్బి పెరిగే గుణం, ఉందేమో చూడాల్సి వచ్చేది.

రంగే ఇబ్బంది పెడుతుంది. నల్ల ఇంకు లేజర్‌కి బాగా లొంగుతుంది. 1064 నానోమీటర్ల క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్ మన చామనఛాయ ఒంటికి సురక్షితం, చాలా క్లినిక్‌లలో ఉంటుంది. పచ్చ, నీలం మాత్రం ఆ కిరణానికి సరిగ్గా స్పందించవు. వాటికి 755 లేదా 694 నానోమీటర్ల లేజర్ కావాలి. అది అన్నిచోట్లా ఉండదు, మన రంగు చర్మం మీద వాడేటప్పుడు డాక్టరు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి ఫోన్ చేసినప్పుడే "పచ్చ రంగు తీసే లేజర్ ఉందా" అని అడగండి. ఉందో లేదో తేల్చి చెప్పని చోటికి వెళ్లొద్దు.

లేజర్ ఇంకుని గీకి తీసేయదు. చర్మం లోపల రంగు ముద్దని పొడి పొడిగా పగలగొడుతుంది, ఆ పొడిని మన శరీరమే నెమ్మదిగా ఎత్తుకుపోతుంది. అందుకే ఒక్కసారితో పోదు. ఒక సిట్టింగ్‌కీ ఇంకోదానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. కొట్టిన వెంటనే గీత మీద తెల్లటి నురగలా పొంగి కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. తర్వాత బొబ్బలు రావచ్చు. వాటిని చిదమకూడదు, ఎండ తగలనీయకూడదు. రోజూ ఎండలో పరిగెత్తే పిల్లలు ఈ చివరి మాట అస్సలు వినరు, అక్కడ చర్మం నల్లబడి మచ్చ మిగులుతుంది.

ర్యాలీ తేదీ వచ్చాక మొదలుపెడితే చాలదు. ఇవాళే మొదలుపెట్టండి.

సంతోష్_నల్గొండ
మా ఊళ్లో నల్లజీడి రసం పూసి తీసేస్తారు. వారంలో పోతుంది. ఇంత ఖర్చు ఎందుకు?

డెర్మా_సుజాత
దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. నల్లజీడి చర్మాన్ని కాల్చేస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి మోచేతి మడతలోనే పూశారు. పుండు మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి చెయ్యి పూర్తిగా చాచలేకపోయేవాడు. పచ్చబొట్టు పోయింది, కానీ చాచలేని మోచేతితో ఏ మెడికల్ పాసవుతాడు? సున్నం, యాసిడ్, ఉప్పుతో రుద్దడం, గరుకు కాగితంతో గీకడం, ఆన్‌లైన్లో అమ్మే టాటూ రిమూవల్ క్రీములు, అన్నీ ఇదే బాపతు. మచ్చ చూడగానే బోర్డు డాక్టరుకి అక్కడేముండేదో అర్థమవుతుంది.

సంతోష్_నల్గొండ
చెయ్యి చాచలేకపోవడం అన్నది నాకు తెలియదు మేడమ్. మా బాబాయి కొడుకు ఈ వారమే పూయిద్దామనుకుంటున్నాడు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

టాటూ_శీను
నేను సొంతంగా స్టూడియో నడుపుతున్నాను. ఇరవై ఏళ్ల లోపు అబ్బాయి వస్తే మొదటి ప్రశ్న ఇదే: "ఆర్మీ, పోలీసు, రైల్వే పోలీసు ఏదైనా ఆలోచన ఉందా?" ఉందంటే వేయను. అమ్మానాన్నలతో మాట్లాడి రమ్మంటాను. చాలామంది పక్క షాపుకి పోతారు, పోనివ్వండి.

అక్కగారూ, జాతరలో వేయించుకున్నాడన్నారు కాబట్టి ఒక మాట. జాతర బళ్ల మీద ఒకే సూదితో పదిమందికి వేసేస్తారు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలా అంటుకునే ప్రమాదముంది. ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా ముందు తమ్ముడికి ఆ రక్త పరీక్షలు చేయించండి. డాక్టరు మేడమ్ కూడా ఇదే అంటారు.

డెర్మా_సుజాత
అవును. తప్పకుండా చేయించండి.

గోదారి_గణేశ్
శీను గారూ, ఈక కొసని ఒంటి రంగు ఇంకుతో కప్పేయొచ్చు కదా?

టాటూ_శీను
కప్పినా అది టాటూయే అవుతుంది. పైగా ఒంటి రంగు ఇంకు ఎండకి రంగు మారి మచ్చలా కనబడుతుంది, దాని మీద లేజర్ కొడితే కొన్నిసార్లు నల్లబడుతుంది కూడా. తీయించే ఉద్దేశం ఉన్నవాళ్లు కవర్ అప్ జోలికి పోవద్దు.

పౌరుషం_99
అసలు ఈ నిబంధనే నాకు మింగుడుపడదు. చొక్కా కింద దాగే భుజం మీద ఉంటే వద్దట, అందరికీ కనబడే ముంజేతి మీద ఉంటే సరేనట. ఇందులో న్యాయం ఎక్కడుంది? నా మిత్రుడికి భుజం మీద వాళ్ల నాన్న పేరుంది. ఆయన చనిపోయిన ఏడాది వేయించుకున్నాడు. పరుగులో మా జిల్లాలో వాడిని మించినవాడు లేడు. ఆ ఒక్క పేరుతో వెనక్కి పంపారు. దేశం కోసం ప్రాణమివ్వడానికి వచ్చినవాడి ఒంటి మీద వాళ్ల నాన్న పేరుంటే ఏం పోయింది?

మాజీ_హవల్దార్
బాబూ, మీ మిత్రుడి సంగతి చదివితే నాకూ బాధగానే ఉంది. కానీ ముంజేయి ఎందుకు అన్నదానికి జవాబుంది. మన పల్లెల్లో, ఉత్తరాది పల్లెల్లో తరతరాలుగా పచ్చబొట్టు పొడిపించుకునే చోటు అదే. మోచేతికి మణికట్టుకి మధ్య సొంత పేరో, దేవుడి పేరో, ఓంకారమో. హోం శాఖ కాగితంలో కూడా సంప్రదాయంగా వేసుకునే చోట్లు అనే రాశారు. కట్టడి అందరికీ పెట్టి, ఊరి ఆచారానికి మాత్రం దారి వదిలారు. మా బ్యాచ్‌లో హర్యానా, రాజస్థాన్ నుంచి వచ్చిన సగం మంది చేతుల మీద పేర్లు ఉండేవి.

భుజం మీద తండ్రి పేరుకి కూడా దారి ఉండాలని నేనూ అంటాను. ఆ మార్పు వచ్చేదాకా పిల్లలు మాత్రం ఉన్న నిబంధన తెలుసుకునే సూది కిందికి చెయ్యి పెట్టాలి.

మాధవరం_మనవడు
మాది మిలిటరీ మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యంలోకి వెళ్తున్న ఊరు. హవల్దార్ గారు చెప్పింది అక్షరాలా నిజం, మా తాతగారి ముంజేతి మీద ఆయన పేరు ఉండేది, అందులో ఒక అక్షరం తలకిందులుగా పొడిచారు. ఆ అక్షరాన్ని పట్టుకుని ఆయన తోటివాళ్లు చివరిదాకా ఏడిపించారట. మా ఊళ్లో పిల్లలకి పెద్దవాళ్లు చిన్నప్పుడే చెబుతారు, ఏదైనా వేయించుకోవాలంటే ముంజేతి లోపలే అని.

డల్లాస్_బావ
ఇక్కడ అమెరికా ఆర్మీ 2022 జూన్‌లో నిబంధన బాగా సడలించింది. మణికట్టు దిగువన ఒక్కో చేతి మీద ఒక అంగుళం మించని టాటూ ఒకటి, మెడ వెనక రెండు అంగుళాలది ఒకటి, చెవి వెనక అంగుళం లోపు, వేళ్లు దగ్గరికి చేరిస్తే కనబడకుండా వేళ్ల మధ్య. చేతులు, కాళ్ల మీద ఎప్పట్నుంచో ఉంది. మెరైన్లు కూడా 2021లో చేతి నిండా వేసుకోవడానికి ఒప్పుకున్నారు. కుర్రాళ్లు దొరకక వాళ్లు దిగివచ్చారు.

శ్రీకాకుళం_చిన్నోడు
అక్కడ కుర్రాళ్లు దొరకరు బావా, ఇక్కడ ఒక్క పోస్టుకి ఊరు ఊరంతా పరిగెడుతుంది. ఆ సడలింపు మనకి ఎప్పటికో.

పౌరుషం_99
అయినా చెప్పడం మంచిదే. అక్కడ మారినప్పుడు ఇక్కడ అడగడంలో తప్పేముంది.

మన్యం_టీచర్
పార్వతీపురం మన్యం జిల్లాలో గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. షెడ్యూల్డ్ తెగలవారికి వాళ్ల ఆచారం ప్రకారం ముఖం మీద, ఒంటి మీద ఉన్న పచ్చబొట్లకి ఆర్మీలోనూ ఎయిర్‌ఫోర్స్‌లోనూ మినహాయింపు ఉంది. ఒక్కొక్కరి విషయం విడిగా చూసి ఎంపిక కేంద్రం అధికారులు తేలుస్తారు. మా దగ్గర నుదుటి మీద, గడ్డం మీద చుక్కలు, గీతలు ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. చుక్క చూసి భయపడి దరఖాస్తే పెట్టని పిల్లల్ని చూశాను. అది ఆపడానికే ఇది రాస్తున్నాను. ఎస్టీ సర్టిఫికెట్ పట్టుకుని, ఈ పచ్చబొట్టు మా తెగ ఆచారం అని ధైర్యంగా చెప్పండి.

ఆదిలాబాద్_గోండు
టీచర్ గారికి దండాలు. మా నానమ్మకి చేతులు, కాళ్లు, భుజాల నిండా ఉన్నాయి. మా తరం మగపిల్లలకి ఎవరూ వేయించట్లేదు గానీ నా చెల్లికి నుదుట మూడు చుక్కలున్నాయి. తను డిఫెన్స్ అంటే ఇష్టపడుతుంది. ఇది వాళ్లమ్మకి చూపిస్తాను.

ఒక అనుమానం. ఎస్టీ అయితే ఏ టాటూ అయినా నడుస్తుందా? నా దోస్తు మెడ మీద హీరో పేరు వేయించుకుని, నాకేం కాదు నేను ఎస్టీని అంటున్నాడు.

మన్యం_టీచర్
నడవదు. తెగ ఆచారానికే మినహాయింపు, మనిషికి కాదు. హీరో పేరు ఏ తెగ ఆచారం? మీ దోస్తుకి ఇప్పుడే చెప్పండి.

లా_స్టూడెంట్_హైదరాబాద్
అన్‌ఫిట్ చేస్తే కోర్టుకి పోవచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెబుతాను, ఢిల్లీ హైకోర్టులో ఇవి చాలా నడిచాయి.

ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మన్‌గా ఎంపికైన ఒకతనికి పైచేతి బయటి వైపు టాటూ ఉంది. నియామక పత్రం ఇచ్చాక, చేరడానికి వెళ్లినప్పుడు రద్దు చేశారు. కోర్టు 2018లో ఎయిర్‌ఫోర్స్ వైపే నిలిచింది. ఒప్పుకునే చోటు కాదు, పైగా దరఖాస్తుతో పాటు ఆ టాటూ ఫొటో ఇవ్వలేదు అని.

2022లో ఇంకోటి. కేంద్ర బలగాల పరీక్షలో ఒకతనికి కుడి చేతి వెనక మతపరమైన టాటూ ఉందని మెడికల్‌లోనూ రివ్యూ మెడికల్‌లోనూ అన్‌ఫిట్ చేశారు. తీయించుకుంటానన్నాడు. కోర్టు తీయించుకుని కొత్త మెడికల్ బోర్డు ముందుకి రమ్మని అవకాశమిచ్చింది.

2024లో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ అభ్యర్థి కేసు. తీయించాక కుడి ముంజేతి మీద మిగిలింది కంటికి కనబడనంత మసక. న్యాయమూర్తులు స్వయంగా ఆ చెయ్యి చూసి, ఆయనకి అనుకూలంగా తీర్పు చెప్పారు.

మూడూ కలిపి చూస్తే తెలిసేది ఇది. టాటూ ఉంచుకుని హక్కు అంటే కోర్టు వినలేదు. తీయించుకున్నవాడి మాట విన్నది. కానీ కోర్టు అంటే డబ్బు, కాలం. వయసు గడువు ఎవరి కోసమూ ఆగదు. అది ఆఖరి దారి.

జీడీ_మనోజ్
2022 కేసు చేతి వెనక వైపుది అన్నావు. హవల్దార్ గారేమో చేతి వెనక పర్లేదన్నారు. ఏది కరెక్ట్?

లా_స్టూడెంట్_హైదరాబాద్
మార్గదర్శకంలో "ఎడమ ముంజేయి మాత్రమే, లేదా చేతి వెనక భాగం" అని కలిపి రాశారు. ఎడమ అన్న మాట చేతి వెనక భాగానికీ వర్తిస్తుందన్నట్టు మెడికల్ బోర్డులు తీసుకుంటున్నాయి, కుడి చెయ్యి సెల్యూట్ చెయ్యి కాబట్టి. జీడీకి వెళ్లేవాళ్లు కుడి వైపు మొత్తం ఖాళీగా ఉంచుకోవడమే క్షేమం.

మాజీ_హవల్దార్
లా స్టూడెంట్ మాటే తీసుకోండి. నేను కాగితంలో ఉన్నది చెప్పాను, జరుగుతున్నది ఆయన చెప్పారు.

మీసేవ_మురళి
కాగితాల గురించి నేను చెబుతాను, రోజూ ఇదే పని. అగ్నివీర్ ర్యాలీకి పది రూపాయల నాన్ జుడీషియల్ స్టాంప్ పేపర్ మీద నోటరీ సంతకంతో అఫిడవిట్ ఇవ్వాలి, నమూనా నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. దాంతో పాటు టాటూ గురించి స్వీయ ధ్రువీకరణ. కొందరు తండ్రులు వచ్చి "టాటూ లేదు అని కొట్టేయ్ బాబూ" అంటారు. కొట్టను. ఉన్నది ఉన్నట్టు రాయండి. ముంజేతి లోపల ఉంటే నష్టమే లేదు కదా, దాచి అబద్ధం ఎందుకు?

ఎయిర్‌ఫోర్స్‌కైతే టాటూ ఫొటోలు రెండు కావాలి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి. పరిమాణం, రకం రాయాలి. పైన చెప్పిన 2018 కేసులో అతను మునిగింది ఇక్కడ కూడా. సర్పంచ్ క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ ఆరు నెలల లోపువి ఉండాలన్నది మర్చిపోకండి.

కడప_కార్తీక్
గోరింటాకు ఉంటే? ర్యాలీకి ముందు వారం మా అక్క పెళ్లి. వద్దన్నా పెట్టేస్తారు.

పరుగు_ప్రసాద్
శాశ్వతమైన టాటూకే నిబంధన తమ్ముడూ. అయినా ఎర్రటి చేతులతో బీమ్ పట్టుకుంటే లైనంతా నీ వైపే చూస్తుంది. పెళ్లి భోజనం చెయ్యి, గోరింటాకు అక్కకి వదిలెయ్.

విజయనగరం_అక్క
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. హవల్దార్ గారు చెప్పినట్టు తమ్ముణ్ణి నిలబెట్టి చూశాం. అక్షరాలు పూర్తిగా లోపలి ముఖంలోనే ఉన్నాయి. ఈక కొస మడత పైకి వచ్చింది, ఇంకో పక్క ఒక గీత కొద్దిగా బయటికి తిరిగినట్టుంది. వైజాగ్‌లో రెండు క్లినిక్‌లకి ఫోన్ చేశాం. ఒక చోట పచ్చ రంగు గురించి అడిగితే "అన్నీ పోతాయి రండి" అన్నారు తప్ప లేజర్ పేరు చెప్పలేదు. రెండో చోట డాక్టరు గారే మాట్లాడి, చూడకుండా మాట ఇవ్వలేను అన్నారు. అక్కడికే తీసుకెళ్తున్నాం. రక్త పరీక్షలకి ఇచ్చాం.

జీడీ సంగతి ఏం చేయమంటారు? అందుకోసం అమ్మ పేరు కూడా మొత్తం తీయించాలా?

డెర్మా_సుజాత
రెండో డాక్టరు సరైన మాట అన్నారు. ముందు మడత దాటిన భాగం, పక్కకి తిరిగిన గీత తీయించండి. అక్షరాలు నల్లవి కాబట్టి తర్వాత కావాలన్నా తేలిగ్గానే పోతాయి.

మాజీ_హవల్దార్
అబ్బాయి మనసు దేని మీద ఉంది? ఆర్మీయే అయితే అక్షరాలు అలాగే ఉండనివ్వండి. అగ్నివీర్ నాలుగేళ్లే, అందులో నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు, జీడీ పర్మనెంటు ఉద్యోగం అని ఇంట్లో ఆలోచన ఉంటే మాత్రం మెడికల్ నాటికి కుడి చేతి మీద ఏదీ మిగలకుండా చూసుకోవాలి. అది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

శ్రీకాకుళం_చిన్నోడు
నేనైతే తీయించేస్తాను అక్కా. ఉద్యోగం ఏదొచ్చినా రావాలి. యూనిఫాం వేసుకున్న కొడుకుని చూస్తే అమ్మకి అంతకంటే ఏం కావాలి.

పౌరుషం_99
నేనొప్పుకోను. అమ్మ పేరు నిబంధనకి లోబడే ఉంది, ఆర్మీ ఒప్పుకుంటోంది. రాని జీడీ కోసం దాన్నెందుకు చెరపాలి? ముందు ర్యాలీ కొట్టనివ్వండి.

విజయనగరం_అక్క
వీడూ పౌరుషం గారి మాటే అంటున్నాడు. అమ్మ మాత్రం "నా పేరు నీ ఒంటి మీద ఎందుకురా, రెండూ చూసుకో, మొత్తం తీయించెయ్" అంటోంది. ఈ ఆదివారం మా మావయ్య వస్తున్నారు, ఆయన బీఎస్ఎఫ్‌లో చేసి వచ్చారు, ఆయన్ని కూడా కూర్చోబెట్టి తేలుస్తాం. ఈక మాత్రం పోతుంది, అందులో ఇంట్లో అందరిదీ ఒకటే మాట.

ఒంగోలు_లక్ష్మి
ఇదే చర్చలో అడగొచ్చా? మా చెల్లి అగ్నివీర్ మహిళా మిలిటరీ పోలీసుకి తయారవుతోంది. ఎడమ చేతి వెనక, బొటనవేలి దగ్గర చిన్నప్పుడు అమ్మమ్మ పొడిపించిన చుక్కలున్నాయి. చీలమండ దగ్గర చిన్న నక్షత్రం కాలేజీలో వేయించుకుంది.

మాజీ_హవల్దార్
చేతి వెనక చుక్కలు పర్లేదమ్మా, స్వీయ ధ్రువీకరణలో రాయించండి. చీలమండ నక్షత్రం ఒప్పుకునే చోటు కాదు. ఏ రంగు?

ఒంగోలు_లక్ష్మి
నలుపే. గోరంత ఉంటుంది.

డెర్మా_సుజాత
నలుపు, గోరంత అయితే తీయడం కష్టం కాదు. చీలమండ దగ్గర రక్త ప్రసరణ తక్కువ కాబట్టి చేతి మీది దానికంటే నెమ్మదిగా పోతుంది, ఈ నెలలోనే మొదటి సిట్టింగ్ చేయించండి. గాయం మానేదాకా బూట్లు ఒరుసుకోకుండా చూసుకోమనండి.